నాలుగు కొట్టని ప్రహ్లాద్

మా ప్రహ్లాద్ చేతులు ఊరుకోవు. బల్ల, బస్సు కడ్డీ, హెల్మెట్, పక్కవాడి వీపు, ఏది దొరికితే అది వాయిస్తాడు. అదీ మనలా కాదు. లోకమంతా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి వస్తుంది. ప్రహ్లాద్ ఏడు దాకా వెళ్ళి వస్తాడు. ఉత్సాహంగా ఉన్న రోజు పదకొండు.

"నాలుగు కొడితే ఏమైతది?" అని ఒకసారి నారాయణగూడ ఇరానీ హోటల్లో అడిగాను.

"ఏం కాదు. అదే ప్రాబ్లమ్," అన్నాడు సాసర్ మీద చెంచాతో కొడుతూ. "గానసభల మృదంగమాయన ఏడు కొడితే మిశ్రచాపు అని తలలూపుతరు. నేను కొడితే పిచ్చోడంటరు."

సర్వర్ వచ్చి చెంచా తీసుకుపోయాడు. ప్రహ్లాద్ ఉస్మానియా బిస్కెట్‌తో కొనసాగించాడు. మూడో దెబ్బకు అది విరిగింది.

అతను ప్రోగ్రెసివ్ మెటల్ డ్రమ్మర్. అంటే గిటార్లు గర్జిస్తుంటే, తాళం మాత్రం కిరాయిదారులా నిమిషానికో ఇల్లు మారుతుంటుంది. ఆ గర్జించే గిటార్ నాది. పగలు బ్యాంకులో పని చేస్తాను.

ఎట్లున్నవ్ అని అడిగితే ఎవరైనా మంచిగున్న అంటారు. ప్రహ్లాద్, "ఎడమకాలు కుడికాలితో సమానంగ వస్తలేదు" అంటాడు. అది డబుల్ పెడల్ సంగతి. రెండు కాళ్ళతో ఒకే పెద్ద డ్రమ్మును కొట్టే సరంజామా. టిఫిన్ బండి నర్సింహమ్మకు ఇది తెలియదు. పాపం చిన్న వయసులో కాలు పోతోందనుకుని నొప్పుల నూనె సీసా ఇచ్చింది. అతను దాన్ని పెడల్ స్ప్రింగుకు పూసి, కృతజ్ఞతగా ఆమెకు విద్య బోధించాడు.

"పుల్లతోని గట్టిగ కొట్టద్దు అక్క. వదిలిపెట్టాలె. అదే ఎగురుతది. ఎగిరినదాన్ని పట్టుకునుడే కష్టం."

"దోసె గూడ గంతే బిడ్డ," అంది నర్సింహమ్మ. "తొందరపడి గీకితే రాదు."

ఆ మాట అతను నెలరోజులు అందరికీ చెప్పుకుని తిరిగాడు.

పదేళ్ళ కింద మా బ్యాండ్ పేరు 'ఏడున్నర'. పేరు ప్రహ్లాదే పెట్టాడు. వినగానే మా అమ్మ ఏడున్నరేళ్ళ శని అనుకుని నవగ్రహాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక కాలేజీ ఫెస్ట్‌లో పిల్లలంతా "అన్నా, తీన్‌మార్" అని అరిస్తే, మైకు తీసుకుని తర్వాతి పాట పదకొండులో ఎందుకుందో పదకొండు నిమిషాలు వివరించాడు. వివరణ అయ్యేసరికి మైదానంలో మైకు సెట్టువాళ్ళు మిగిలారు. చివరికి ఒక పెళ్ళి రిసెప్షన్‌లో ఒకే ఒక్క పాట నాలుగులో వాయించమన్నారు. వాయించనన్నాడు. బ్యాండ్ ఆ రోజుతో సరి.

అప్పట్లో అతను చిక్కడపల్లిలో రామచంద్రరావు గారనే రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంట్లో పైవాటాలో ఉండేవాడు. మాస్టారు మూడేళ్ళు ఓర్చుకుని ఒకరోజు మెట్లెక్కి వచ్చారు.

"నాలుగైతే నిద్రన్న పడుతది. నీ ఏడోది ఎప్పుడు పడుతదోనని ఎదురుచూసుడే అయితున్నది. ఖాళీ చెయ్యి," అన్నారు.

ప్రహ్లాద్ అశోక్‌నగర్‌లో ఒక గదికి మారాడు. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే వాళ్ళ హాస్టళ్ళు. వాళ్ళకు వినబడకుండా, సుల్తాన్ బజార్‌లో కొన్న చెప్పుల అడుగులు ఊడదీసి చెక్కకు అతికించి, వాటి మీద వాయించుకునేవాడు.

ఈ ఏడాది మమ్మల్ని మళ్ళీ ఒక షోకి పిలిచారు. అంబర్‌పేట్‌లో రిహార్సల్ హాలు పొద్దున ఏడింటికే దొరుకుతుంది. ప్రహ్లాద్ మాత్రం "పొద్దున కుదరది" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఐదుసార్లు అడిగాను, ఐదుసార్లూ నా బండి ట్యాంకు మీద ఏడు కొట్టి వెళ్ళిపోయాడు. వేరే బ్యాండులో చేరాడని నాకు రూఢి అయిపోయింది. నిద్ర పట్టక, ఒక ఆదివారం పొద్దున్నే అతని సందు చివర కాపు కాసి, అతని స్కూటర్ వెంటే నా బండి మీద వెళ్ళాను.

స్కూటర్ చిక్కడపల్లిలో అదే పాత గేటు ముందు ఆగింది.

కాసేపటికి మాస్టారు బయటికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. కుడిచేయి జేబులో ఉంది. ఆయన ముందు ప్రహ్లాద్ వెనక్కి నడుస్తూ, రెండు పుల్లలూ ఒకదానితో ఒకటి కొడుతున్నాడు. టక్, టక్. టక్, టక్. బడిలో పీటీ సారు ఈలకు కూడా ఇంతకన్నా వంకర్లుంటాయి. ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు చొప్పున మాస్టారు ముందుకొస్తున్నారు.

నన్ను చూసి ప్రహ్లాద్ దొరికిన దొంగలా మొహం పెట్టాడు. చేతులు ఆపలేదు.

"నాలుగు కొట్టనంటివి కదరా," అన్నాను.

"ఇది నాలుగు కాదు. రెండు."

సంగతి మాస్టారే చెప్పారు. "పార్కిన్సన్స్ అన్నరు. నడుస్త నడుస్త కాళ్ళు నేలకు అతుక్కపోతయ్. ఐదు నెలల కింద ఈ గేటు కాడ గట్లనే నిలబడిపోయిన. ఈయన బండి మీద పోతూ ఆగిండు. నమస్తే లేదు, ఏం లేదు, గేటు మీద కొట్టుడు షురూ చేసిండు. ఇంకా బుద్ధి రాలేదా అని తిడుదామని ముందుకొచ్చిన. వచ్చినంక తెలిసింది, నడిచిన అని. ఆనాటి నుంచి రోజూ వస్తున్నడు."

"నాకెందుకు చెప్పలే?" అని ప్రహ్లాద్‌ను అడిగాను.

"చెప్తే నాలుగు గూడ కొట్టమంటవ్."

ఆ రోజు మాస్టారు లైబ్రరీ దాకా పోదామన్నారు. అప్పటిదాకా ఆయన సందు దాటలేదు. మెయిన్ రోడ్డు మధ్యలోకి వచ్చేసరికి హారన్లలో పుల్లల చప్పుడు మునిగిపోయింది. మాస్టారి కాళ్ళు ఆగిపోయాయి. రెండు వైపులా బండ్లు. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. ప్రహ్లాద్ ఎదురుగా ఆగిన ఆటో ముందు రేకు మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏందన్నా, నా బండి..." అనబోయిన డ్రైవర్ మాస్టారి కాళ్ళు చూసి హారన్ ఆపాడు. వెనక్కి తిరిగి, "ఆగుర్రి జర" అని మిగతావాళ్ళ హారన్లు కూడా ఆపించాడు. ఒక అడుగు లేచింది. తర్వాత రెండోది.

లైబ్రరీలో చదువుకునే గదిలో చప్పుడు చేయకూడదు. ప్రహ్లాద్ పుల్లలు జేబులో పెట్టి, శబ్దం రాకుండా తన తొడ మీద తట్టుకుంటూ ముందు నడిచాడు. ఆ చేతినే చూస్తూ మాస్టారు కుర్చీ చేరారు.

పేపర్ తిప్పడానికి కుడిచేయి బయటికి తీయక తప్పలేదు. కాగితం గడగడలాడింది. పరీక్షల పుస్తకాల్లోంచి నాలుగైదు తలలు లేచాయి. మాస్టారు గబుక్కున చేయి మళ్ళీ జేబులోకి తోశారు.

ప్రహ్లాద్ వంగి ఆయన చెవిలో అన్నాడు. "దాస్తరేంది సార్. సెకనుకు ఐదు పడుతున్నయ్, ఒక్కటి గూడ తప్పుతలేదు. గా స్పీడ్ కోసం నేను ఆరేండ్లు కష్టపడ్డ."

మాస్టారు జేబులోంచి చేయి తీసి బల్ల మీద పెట్టారు. ఎడమచేతి గడియారాన్ని మునిపళ్ళతో విప్పి దాని పక్కన పెట్టారు.

"ఐదు కాదనుకుంట," అన్నారు. "సరిగ్గ లెక్కబెట్టు."