బ్రో అన్నాక వరస మారింది

ఎనిమిదో తరగతితో బడికి నా బాధ తప్పించి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్ కవర్ల కొట్టు పెట్టుకున్నాను. కోచింగ్ కుర్రాళ్లు నన్ను ‘బ్రో’ అనేవారు. బ్రదర్ అనే ఇంగ్లిష్ మాటను సగానికి కోస్తే అది వచ్చిందని వాళ్లే చెప్పారు. నాకూ అందరినీ అలా పిలవడం అలవాటైపోయింది.

రెండేళ్ల క్రితం అమ్మతో కలిసి హయత్‌నగర్‌లో పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి చూడగానే నచ్చేసింది. ఆ కంగారులో, ఇంకో కప్పు టీ ఇవ్వబోయిన వాళ్ల నాన్నతో “చాలు బ్రో” అనేశాను.

అమ్మాయి వాళ్ల నానమ్మ మంచం మీంచే, “బ్రో అంటే ఏందిరా?” అని కొడుకును అడిగింది.

“అన్నా అన్నట్టే అమ్మా” అన్నాడాయన ముఖం ముడుచుకుని.

ఆమె నావైపు తిరిగింది. “పిల్లగా, అన్న బిడ్డ నీకేమైతది?”

“బిడ్డే అయితది అవ్వా.”

“మరి బిడ్డను చేసుకుంటానికి ఒచ్చినవా?”

అమ్మ తల దించుకుంది. సంబంధం చేజారిపోయిందనుకున్నాను. అంతలో అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం కనిపించింది. ఇక వదులుకోవడం నావల్ల కాలేదు. లేచి ఆయనకు దండం పెట్టి, “చాయ్ చాలు మామా” అన్నాను.

“ఏమే, మామ అంటున్నడు. అననియ్యాల్నా?” అని నానమ్మ మనవరాలిని అడిగింది.

“అననీ నానమ్మా” అంది అమ్మాయి, నేల చూపులు చూస్తూ.

మన ఇళ్లలో పిలుపు ఎంత చిన్నదైనా దాని వెనక చుట్టరికం ఉంటుందని ఆరోజు తెలిసింది. ఇప్పుడు కొత్తవాళ్లింటికి వెళితే, మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆపి ఎవరిని ఏమనాలో నాచేత అప్పజెప్పించుకుంటోంది.