కునుకుగారి కాలేయం

కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయేవారు. ఆయన గురించి అందరికీ తెలిసిన సంగతి ఇదొక్కటే. మిగతావి తెలుసుకుందామంటే ఆయన మేలుకుని ఉండాలి కదా. నలుగురికీ చూపు సరిచేసే ఆ మనిషి కళ్ళు నల్లనివో తేనెరంగువో చెప్పగలిగినవాళ్ళు వీధి మొత్తానికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. అసలు పేరు షాపు లైసెన్సులో ఉండిపోయింది. బయట అందరికీ ఆయన కునుకుగారే.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. కునుకుగారి నిద్ర సుఖాన్నే కాదు, సమయాన్నీ సందర్భాన్నీ కూడా ఎరిగేది కాదు. గడ్డానికి నురగ పూర్తిగా రాసేలోపు ఆయన గురక మొదలయ్యేది. మంగలి ఏళ్ళ తరబడి అలవాటుపడి, తల ఒక పక్కకి వాలితే పైకొచ్చిన చెంప గీసి, రెండో పక్కకి వాలేదాకా పేపరు చదువుకునేవాడు. బ్యాంకు లైనులో ఆయన నిలబడే నిద్రపోయేవారు. వెనకవాళ్ళు ఆయన్ని మెల్లిగా తోసుకుంటూ కౌంటరు దాకా చేర్చేవారు. ఇక షాపులో, బాగుచెయ్యమని కళ్ళజోడు తీసి ఇచ్చిన మనిషికి ఎలాగూ చూపు ఆనదు కాబట్టి, ఎదురుగా ఉన్నాయన నిద్రపోతున్నాడని తెలియడానికి చాలాసేపు పట్టేది. ఈలోగా తన వంశవృక్షమంతా చెప్పేసి ఉండేవాడు.

అలాంటి ఇంటికి అల్లుడిగా వచ్చినవాడు ఇన్సూరెన్స్ సర్వేయరు. గుద్దుకున్న కార్ల చుట్టూ ప్రదక్షిణలు చేసి, ఇది ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అని అడగడం అతని ఉద్యోగం. సెలవురోజున కూడా ఆ ‘ఎందుకు’ అతన్ని వదిలేది కాదు. పెళ్ళిఫోటోలు వచ్చాయి. ఏ ఫోటోలో చూసినా మావగారి కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు తన కెమెరాలోనే ఏదో దోషముందనుకుని బాగుచేయించుకున్నాడట. అందరూ నవ్వారు. అల్లుడు మాత్రం ఎందుకని అడిగాడు.

మా నాన్నకి రాత్రుళ్ళు నిద్ర పట్టదు, ఎప్పుడూ అంతే అని చెప్పింది భార్య. అది నిజమే అనిపించింది. అత్తగారింట్లో ఉన్నప్పుడు మంచినీళ్ళకి లేచిన ప్రతిసారీ ముందుగదిలో చిన్నదీపం వెలుగుతూ ఉండేది. మావగారు స్వెట్టరు వేసుకుని, ఫ్రేములకు మరలు బిగిస్తూ, మధ్యమధ్య ఏదో ఒకటి నములుతూ కూర్చునేవారు. ఆ తిండి కూడా వింతగా ఉండేది. క్రీము కేకు, జాము పూసిన మెత్తటి బ్రెడ్డు, చెంచాతో చిక్కటి తీపిపాలు. ఒకసారి అల్లుడు ముచ్చటపడి వేయించిన పల్లీల పొట్లం తెచ్చి ఇచ్చాడు. మావగారు దాన్ని టపాకాయ పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, పగలు తింటానని అలమారలో పెట్టేశారు. పగలు ఆయన ఎలా తింటారో అల్లుడికి అర్థం కాలేదు.

అల్లుడి కంపెనీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా చేయించుకోవచ్చంది. దానికోసం పరీక్షలన్నీ జరిగాయి. స్కానింగు బల్లమీద మావగారిని పడుకోబెట్టడమే తడవు, కళ్ళు మూతలుపడ్డాయి. ఊపిరి బిగబట్టండి అని టెక్నీషియను అంటే జవాబుగా గురక వినిపించింది. ఎలాగో ఆ పని ముగించారు. కాలేయంలో కొవ్వు బాగా పేరుకుందని తేలింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, ఏం తాగుతారని అడిగింది. టీ అన్నారు మావగారు. ఆమె నమ్మనట్టు అల్లుడి వైపు చూసింది. అల్లుడు ప్రమాణం చేసినంత పనిచేశాడు.

తాగనివాళ్ళకీ ఇది వస్తుందని ఆమె చెప్పింది. నడుము చుట్టుకొలత, తీపి, కదలిక లేకపోవడం, ఇవన్నీ కారణాలేనంది. ఆ తర్వాత నిద్ర గురించి అడిగింది. రాత్రి మేలుకుంటారనీ, పగలు జోగుతారనీ అల్లుడు చెప్పాడు. సాక్ష్యంగా మావగారు అప్పటికే కుర్చీలో పక్కకి ఒరిగారు.

"నిద్రకీ కాలేయానికీ ఏం సంబంధమండీ?" అని అడిగాడు అల్లుడు.

"కాలేయానికీ ఒక వేళాపాళా ఉంటుంది. మనం పడుకోవాల్సిన టైములో మేలుకుని తీపి తింటూ కూర్చుంటే, వచ్చిందాన్ని ఖర్చుపెట్టడం మానేసి కొవ్వుగా దాచుకుంటుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ రాత్రి నిద్ర చాలక పగలు తూగేవాళ్ళలో ఇది ఎక్కువగానే చూస్తున్నాం. ఇంతకీ గురక పెడతారా?"

అంతవరకూ జోగుతున్న మావగారు ఆ ఒక్క మాటకి దిగ్గున కళ్ళు తెరిచారు. పెట్టనన్నారు. దొంగకు తేలు కుట్టినట్టున్న ఆ మొహాన్ని అల్లుడు చూశాడు. ఢీకొట్టిన కార్ల డ్రైవర్లలో అలాంటి మొహాలు అతను చాలా చూశాడు. స్కానింగు గదిలో జరిగింది డాక్టరమ్మకి చెప్పేశాడు. ఆమె ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి నిద్రని పరీక్షించాలంది.

మర్నాడు పొద్దున అల్లుడు వెళ్ళేసరికి నర్సు నవ్వాపుకోలేక చెప్పింది. తలకి తీగలు అతికిస్తుండగానే ఆయన నిద్రలోకి జారుకున్నారట. దీపం ఆర్పేదాకా కూడా ఆగలేదు. కాసేపటికి పక్క వార్డు నుంచి ఎవరో వచ్చి, కరెంటు పోయిందా, జనరేటరు వేశారా అని అడిగారట. నవ్వు తగ్గించుకుని ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఆ గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తోందట, అదే అసలు జబ్బట.

అల్లుడి బుర్రలో మాత్రం వేరే ప్రశ్న తిరుగుతోంది. రాత్రి నిద్ర పట్టని మనిషికి కొత్తచోట, తలనిండా తీగలతో అంత హాయిగా ఎలా పట్టింది?

క్యాంటీనులో ఎదురెదురుగా కూర్చున్నారు. మావగారి కళ్ళు రెండూ విప్పారి ఉన్నాయి. అవి తేనెరంగువని అల్లుడు మొదటిసారి చూశాడు. అడగనా వద్దా అని కాసేపు ఊగిసలాడి, చివరికి అడిగేశాడు. మావగారు నీళ్ళు నమిలారు.

"మీ అత్తయ్యగారికి చెప్పనంటే చెప్తాను బాబూ" అన్నారు.

పెళ్ళైన కొత్తలో అత్తగారు బట్టల కంపెనీలో, గుడ్డ కత్తిరించే విభాగంలో పనిచేసేది. తెల్లారకముందే లేచి వెళ్ళాలి. మావగారి గురకకి అప్పట్లో కిటికీ రెక్కలు కదిలేవి. సాయంత్రం ఆవిడ కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేది. ఒక్కమాట అనేది కాదు. ఒకరోజు ఎడంచేతి వేలికి పెద్దకట్టుతో వచ్చింది. కొస తెగిపోయిందట.

"పాపం, నిద్రలేక తూగుతూ కోసుకుంది. నావల్లే. గురక ఆపుకోవడం నా చేతిలో లేదు. మేలుకోవడం నా చేతిలో ఉంది కదా. తను లేచి పనికెళ్ళాక, షాపు తీసేదాకా పడుకునేవాణ్ణి. మెలకువగా ఉండాలంటే నోరాడుతూ ఉండాలి. కరకరలాడేవి తింటే లేస్తుందని మెత్తటివి తెచ్చుకునేవాణ్ణి."

అత్తయ్యగారు పని మానేసి చాలా ఏళ్ళయింది కదా అన్నాడు అల్లుడు.

"ఇప్పుడు ఆవిడ నిద్ర మరీ పల్చబడింది" అన్నారు మావగారు. అదేదో తన బాధ్యతే అన్నట్టు.

అల్లుడు మాటిచ్చాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. రహస్యాన్ని బయటపెట్టింది డాక్టరమ్మ, అదీ తెలియక. పరీక్ష ఫలితం చెప్పడానికి ఆమె అత్తగారిని కూడా పిలిపించింది. ఊపిరి ఆగకుండా ముక్కుకి తగిలించుకునే మిషను ఒకటి ఉందనీ, రాత్రి పెందలాడే భోజనం చేసి, పెందలాడే పడుకోవాలనీ చెప్పింది. ఆయనకి రాత్రుళ్ళు నిద్ర పట్టదండీ, పెళ్ళైనప్పటినుంచీ ఇంతే అంది అత్తగారు.

"ఇక్కడ పక్క మీద వాలగానే పట్టిందే. ఇంట్లో ఏంటమ్మా ఇబ్బంది?"

అత్తగారు భర్త వైపు తిరిగింది. మావగారు అల్లుడి వైపు చూశారు. అల్లుడు ఫ్యాను వైపు చూశాడు. ఇక దాక్కోవడానికి నిద్ర కూడా రాక, మావగారు తలవంచుకుని ఆవిడ వేలు చూపించి సంగతంతా చెప్పారు.

అత్తగారు తన వేలు తాను చూసుకుంది. చూసి, చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అల్లుడు కంగారుపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది.

"నిద్రలేక కోసుకున్నానా? పక్క బల్ల దగ్గరి పిల్ల మా సూపర్వైజరులా నడిచి చూపించింది. పొట్టపట్టుకుని నవ్వుతుంటే కత్తెర జారింది. అది చెప్తే తిడతారని చెప్పలేదు."

"మరి కళ్ళెర్రబడేవి కదే?"

"గుడ్డల దుమ్మండీ. అక్కడ అందరి కళ్ళూ అంతే."

గురక సంగతి మావగారు మెల్లిగా ఎత్తారు. తన పుట్టిల్లు పిండిమర పైన మేడమీదే ఉండేదని అత్తగారు గుర్తుచేసింది. మర తిరుగుతుంటేనే చదువుకుని, మర తిరుగుతుంటేనే నిద్రపోయిన పిల్లకి మొగుడి గురక ఒక లెక్కా అంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఇన్సూరెన్స్ సర్వేయరుకి తన ఉద్యోగంలో ఇంత పెద్ద నష్టం ఇంత చిన్న కారణానికి జరగడం ఎప్పుడూ ఎదురుకాలేదు.

నవ్వు సద్దుమణిగాక అత్తగారు మావగారి కళ్ళజోడు తీసి, తన చేతిరుమాలుతో రెండు అద్దాలూ శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఆయన ముక్కుమీద పెట్టింది.

"ఒక్కసారి అడగొచ్చు కదండీ" అంది.

"అడిగితే లేదంటావు. నీ సంగతి నాకు తెలీదా" అన్నారాయన.

నిజంగా గురక బాధించి ఉన్నా లేదనే అనేదని ఆవిడకీ తెలుసు.

ఆ వారమే మిషను ఇంటికొచ్చింది. కేకులూ తీపిపాలూ బయటికి నడిచాయి. సాయంత్రం ఇద్దరూ కలిసి వీధి చివరిదాకా నడిచి రావడం మొదలుపెట్టారు. ముక్కుకి గొట్టం తగిలించుకుని మావగారు ఏనుగుపిల్లలా ఉన్నారని కూతురంది. కానీ పొద్దున లేచిన మనిషి రాత్రి దాకా మేలుకునే ఉండటంతో కొత్త చిక్కొచ్చిపడింది. కునుకుగారు మాట్లాడటం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ దాచిన మాటలన్నీ ఒక్కసారి గట్టు తెంచుకున్నాయి. గడ్డం గీస్తుంటే రాజకీయాలు చెబుతూ చెంప కదిలిస్తున్నారని మంగలి మొరపెట్టుకున్నాడు. చత్వారానికి వచ్చినవాళ్ళని గురక పెడతారా, రాత్రి ఎన్నింటికి తింటారు, పగలు తూగుతారా అని నిలదీసి, సగంమందిని డాక్టరమ్మ దగ్గరికి పంపుతున్నారు. చుట్టుపక్కలవాళ్ళు ఆ పాత కునుకుగారినే మాకిచ్చెయ్యండి అని అత్తగారిని బతిమాలారు.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ స్కానింగు చేస్తే కొవ్వు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, దారిలో ఉన్నారంది డాక్టరమ్మ. ఈసారి బల్లమీద ఆయన ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టారు. వదలమన్నాక కబుర్లు ఆపలేదు.

ఆ రిపోర్టు పట్టుకుని అల్లుడు ఒక మధ్యాహ్నం షాపుకి వెళ్ళాడు. తలుపు తోసి, మావయ్యగారూ అని పిలవబోయాడు. మావగారు గబగబా పిల్లి అడుగులతో ఎదురొచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. గోడవారగా, భర్తకి సాయానికని వచ్చిన అత్తగారు, ఆయన కబుర్లు వినీ వినీ కాబోలు, ఒళ్ళో కళ్ళజోళ్ళ డబ్బా పెట్టుకుని కమ్మగా నిద్రపోతోంది. సన్నగా గురక కూడా పెడుతోంది. ఇటుపక్క కంటిపరీక్షకి వచ్చిన ఒక భారీ మనిషి, ఒక కన్ను మూసుకుని, మావగారి చెవి దగ్గరికి వంగి, గోడమీది అక్షరాలు ఒక్కొక్కటే గుసగుసగా చదువుతున్నాడు.