రెండు ఎనిమిది సైజు

పెట్టెలోంచి గాజులు తీయకముందే గాజులంగడి సుబ్బరత్నమ్మ బేరానికొచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కి చూస్తుంది. పడిన గుంట వెంటనే లేవకపోతే గాజు తీయదు. “నెలసరి దగ్గర పడినట్టుండాది అమ్మీ, చెయ్యి నీరు పట్టింది. నాలుగు రోజులాగి రా, పోతుంది” అంటుంది. ఉదయగిరి బజారులో ముప్పై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు. ఈ ఏడాది తన చేతి విషయంలోనే తప్పింది. నెలసరి రెండు నెలలకోసారి వస్తుంది, ఒక్కోసారి నెలలోనే రెండుసార్లు. ఏ రోజు చెయ్యి ఉబ్బుతుందో తెలియదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడెక్కుతుంది. ఫ్యాను పెంచుతుంది, తగ్గిస్తుంది, కూర్చున్నచోట కూర్చోలేదు. వాళ్ళమ్మ ఇలాగే ఉబ్బి కిడ్నీలు పాడై చనిపోయింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, పెళ్ళినాటి నుంచీ వేసుకుంటున్న రెండు నాలుగు సైజు గాజులు రెండు మణికట్లనూ కోశాయి. సబ్బు రాసినా జారలేదు. “చిట్లిద్దామా అక్కా?” అంది పక్కన పూలమ్మే దేవకమ్మ.

“ఊరందరికీ గాజులేసినదాన్ని, నావి నువ్వు చిట్లించేదేందే!”

ఆ చేతులతోనే బస్సెక్కి ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు గుడ్డ చుట్టి గాజులు చిట్లించింది. పరీక్షలు చూసి డాక్టరమ్మ అంది: “కిడ్నీలు బాగున్నాయమ్మా. నెలసరి ఆగిపోయే వయసు. హార్మోన్లు ఎగుడుదిగుడవుతుంటే ఒళ్ళు ఉప్పునీ నీళ్ళనీ పట్టి పెట్టుకుంటుంది. రక్తనాళాలు తెరుచుకుని వేడి పుడుతుంది.”

“ఎన్ని రోజులుంటాదమ్మా?”

“చెప్పలేం.”

బోసిచేతుల్ని కొంగులో దాచుకుని బస్సులో తిరిగొచ్చింది.

మరునాడు పొద్దున అంగడి తెరిచి తన చెయ్యి నొక్కి చూసుకుంది. గుంట నిదానంగా లేచింది. పాతవాటికంటే రెండు సైజులు పెద్దవి, చెయ్యి ఉబ్బినా పట్టే రెండు ఎనిమిది సైజు గాజుల డజను విప్పి, రెండు చేతులకూ తొడుక్కుంది.