చేపలు పట్టు వ్యక్తి

ఇంగ్లీషులో వచ్చే చట్టాలనూ నిబంధనలనూ తెలుగు చేయడం నా ఉద్యోగం. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు. ఒక్క మాట కూడా వదులుగా రాయనని నాకు కాస్త పొగరుండేది.

మా మేనత్త భవానీపురంలో రోడ్డు పక్కన గంప పెట్టుకుని చేపలమ్ముతుంది. ఎండైనా వానైనా అక్కడే. ఈ మధ్య చేపల బజారుకు కొత్త షెడ్డు కట్టారు. నీడ, కుళాయి, కూర్చోడానికి అరుగు. అరుగులు మత్స్యకారులకే ఇస్తారంటే దరఖాస్తు పెట్టింది. కుదరదన్నారు. నన్ను వెంటబెట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళింది.

గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. "రూల్లో మత్స్యకారుడంటే చేపలు పట్టు వ్యక్తి అని ఉందండీ. మీరు అమ్ముతారు గానీ పట్టరు కదమ్మా."

"మా ఆయన పోయాక మా మరిది వేటకెళ్తన్నాడు బాబూ. వల బాగుచేసేది నేను, ఎండబెట్టేది నేను, అమ్మేది నేను. మరి నన్నేమంటారు?"

"నాదేముందండీ, రాసింది చదువుతున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్ధున్నవాడెవడైనా ఇలా రాస్తాడా, చూపించండి అని గొంతు పెంచాను. అతను కాగితం నా ముందు పెట్టాడు. ఆ వాక్యం నాదే.

అంతా గుర్తొచ్చింది. ఇంగ్లీషు మాట అమ్మేవాళ్ళకూ చోటున్నంత వెడల్పుగానే ఉంది. ముందు 'చేపల పనిలో ఉన్న వ్యక్తి' అనే రాశాను. మరీ ముతకగా ఉందనిపించి కొట్టేసి, 'చేపలు పట్టు వ్యక్తి' అని దిద్దాను. బిగువుగా కుదిరిందని మురిసిపోయి టీకి వెళ్ళాను. ఆమె గంప పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, ఆ పూట ఆమె గుర్తే రాలేదు.

బయటికొచ్చాక ఆమెకు చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను.

"నీ రాతేగా. దిద్దెయ్యరా," అంది తేలిగ్గా.

అచ్చయ్యాక నేను దిద్దకూడదు. పైవాళ్ళకు ఉత్తరం రాశాను, మళ్ళీ రాశాను. ఈలోగా అరుగులు పంచేశారు. చివరికి జవాబొచ్చింది. దాన్ని గంప దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. 'తమరి అభ్యర్థన పరిశీలనలో ఉన్నది.'

అత్త చేతిలో చేప గంపలో పెట్టి, కొంగుతో చెమట తుడుచుకుంది.

"పరిశీలనంటే ఏంట్రా? ఇస్తారనా, ఇవ్వరనా?"

మాటలకు అర్థాలు రాసి జీతం తీసుకునేవాణ్ణి. ఆ ఒక్కదానికి అర్థం చెప్పలేకపోయాను.