చేయి చూపిన ముసలమ్మ

మొన్న ఇల్లు సర్దుతుంటే మా మనవరాలి బొమ్మల కథల పుస్తకం మంచం కింద దొరికింది. దుమ్ము దులిపి పేజీలు తిప్పితే, రాక్షసుడి వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ మొహం మీద కాగితం చిరిగేదాకా పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి. పక్కనే కోరలతో ఉన్న రాక్షసుడి మీద మాత్రం ఒక్క గీత లేదు. ఎందుకే ఇట్లా గీకినవ్ అంటే, గా ముసల్ది చెడ్డది అమ్మమ్మా అన్నది ఆ పిల్ల, నేనేదో తెలియని ప్రశ్న అడిగినట్టు చూసి. ఆ వయసులో మేమూ అంతే. మా కథలోనూ ఒక ముసలమ్మ ఉండేది, మేమూ రాక్షసుడిని వదిలేసి ఆమెనే తిట్టేవాళ్లం.

మాది కరీంనగర్ జిల్లాలో సాంచెల చప్పుడు పగలూ రాత్రీ ఆగని ఒక చిన్న ఊరు. మరమగ్గాలను మేము సాంచెలంటాం. మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతికేవారు. మధ్యాహ్నం తిండ్లయ్యాక వాడలోని ఆడవాళ్లంతా మా ఇంటి అరుగు మీదికి చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి బీడీలు చుడుతూ కూర్చునేవారు. ఆ తంబాకు ఘాటు మా తలవెంట్రుకల్లోనూ, తినే అన్నంలోనూ ఉండేది. మన ఈడు వాళ్లలో బీడీల తల్లుల ఒళ్లో పెరిగినవాళ్లకు ఆ వాసన వేరే చెప్పనక్కరలేదు. చేతులు ఆగకుండా ఉండటానికి మా అవ్వ కథలు చెప్పేది. అమ్మను మేము అవ్వ అంటాం. ఆమె దగ్గర కథలు చాలా ఉండేవి గానీ, పిల్లలం ఎప్పుడూ అడిగేది ఒక్కటే.

తండ్రి కండ్లకు మందుపువ్వు తేవడానికి బయలుదేరిన రాజు కొడుకు రాక్షసుడి కోటకు చేరతాడు. పువ్వు కోసుకునే లోపల రాక్షసుడు రానే వస్తాడు. రాజు కొడుకు వడ్లగుమ్మిలోకి దూకి దాక్కుంటాడు. రాక్షసుడు మనిషివాసన పట్టి, ఎక్కడున్నాడని వంట చేసే ముసలమ్మను అడుగుతాడు. ఆమె నోరు విప్పదు, ఊరికే చేయెత్తి గుమ్మి వైపు చూపిస్తుంది. ఆ తర్వాత రాజు కొడుకు తప్పించుకోవడం, రాక్షసుడిని చంపి కోటకు నిప్పు పెట్టడం, ఆ నిప్పులో ముసలమ్మ కూడా కాలిపోవడం, అవన్నీ వేరే సంగతి. మాకు ముఖ్యమైంది ఆ చేయెత్తే ఘడియ. అవ్వ అక్కడికి రాగానే పిల్లలమంతా ఒక్కసారే థూ అని ఉమ్మేవాళ్లం. ఆ ముసలమ్మకు పేరు లేదు, ఊరు లేదు, కథ మొత్తంలో ఒక్క మాట లేదు. ఆమెకున్నదల్లా ఆ చేయొక్కటే.

ఆ ఉమ్మే ఆట మాకు నేర్పింది మా బావ, అంటే మా మేనత్త కొడుకు. మేనత్తకు మొగుడు చిన్న వయసులోనే పోతే, ఆమె అన్నదమ్ములు మా బాపూ పెద్దబాపూ, అంటే నాన్నా పెదనాన్నా, మా వాకిట్లోనే ఆమెకు ఒక అర్ర ఇచ్చారు. అదే వాకిట్లో ఇంకో పక్క మా పెద్దమ్మ ఉండేది, ఆమెకూ పెద్దబాపు పోయి ఒక్కడే కొడుకు మిగిలాడు. ఆ అన్నా ఈ బావా ఒకే ఈడు వాళ్లు. మేనత్త బీడీల ఆకు కోసం కార్ఖానాకు పోయినప్పుడల్లా పెద్దమ్మే ఇద్దరికీ ఒకే పళ్లెంలో అన్నం కలిపి పెట్టేది. పెద్దయ్యాక అన్న సాంచెల మీదికి పోయాడు, బావ కరీంనగర్ కాలేజీకి పోయాడు. కాలేజీ నుంచి వచ్చినప్పుడు కూడా బావ అరుగు మీద కూర్చుని ఆ కథ వినేవాడు. అయితే అప్పటికి ముసలమ్మను థూ అనడం మానేసి, ద్రోహి అనేవాడు. ఆ మాట మాకు అర్థం కాకపోయినా, ఉమ్మడం కన్నా బరువైందని మాత్రం తెలిసేది.

ఆ రోజులు ఎలాంటివో మన వాళ్లకు మళ్లీ చెప్పాలా? అడవిలో అన్నలు, అదే నక్సలైట్లు, రోడ్డు మీద పోలీసులు, ఇద్దరి నడుమ మన ఇండ్లు. ఒక చలికాలం బావ కాలేజీ నుంచి ఇంటికి రాలేదు. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోయిండని కొన్నాళ్లకు తెలిసింది. మేనత్త ఏడవలేదు. వీలు చిక్కినప్పుడల్లా బస్సెక్కి ధర్మపురి పోయి, గోదావరిలో మునిగి, నర్సింహస్వామికి మొక్కి, గుడి మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా అవతలి ఒడ్డునే చూసి వచ్చేది. అవతలంతా ఆదిలాబాద్ జిల్లా కదా, ఎక్కడో ఒక చెట్టు కింద ఉంటడు అనేది.

ఎండలు ముదిరాక బావ చలిజ్వరంతో తిరిగి వచ్చాడు. గుర్తు పట్టలేనంత నల్లబడి, ఎముకలు తేలి, నాలుగడుగులు వేస్తే కూలబడేలా ఉన్నాడు. మా వెనక కొట్టంలో తాతల నాటి గుంటమగ్గం ఒకటి పాతబడి ఉండేది. నేత నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఆ గుంటలో బొంత పరిచి, పైన పాత గోనెలు కప్పి ఆయన్ను దాచారు. మేనత్త ఇంటి మీద పోలీసుల కన్ను ఉంటుందని, జావా నీళ్లూ తీసుకుపోయే పని పెద్దమ్మ తన మీద వేసుకుంది. చాటలో ఆకు కింద గిన్నె దాచుకుని కొట్టంలోకి పోయేది.

ఎలా తెలిసిందో ఏమో, బావ వచ్చిన జాడ పోలీసులకు తగిలింది. మేనత్తను అడిగారు, మా బాపును అడిగారు, చివరికి సాంచెల మీద పనిలో ఉన్న అన్నను పట్టుకుపోయారు. పెద్దమ్మ రోజూ టిఫిన్‌ డబ్బా తీసుకుని స్టేషన్ గేటు దాకా పోయి, ఆ డబ్బా అలాగే తిరిగి తెచ్చేది. ఒకరోజు ఆమెను లోపలికి రానిచ్చి కొడుకును చూపించారట. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, డబ్బా మూత తీయడం, మళ్లీ పెట్టడం, అదే పనిగా చేస్తూ ఉండిపోయింది.

మరునాడు పొద్దున జీపు మా వాకిట్లోకే వచ్చింది. మేనత్త కార్ఖానాకు పోయి ఉంది. పిల్లలం వాకిట్లో ఆడుకుంటున్నాం. జీపు వెనక అన్న కూర్చుని ఉన్నాడు, అతని తల పక్కకు వాలి ఉంది, పాదాలకు బట్ట చుట్టి ఉంది. దిగిన అధికారి అరవలేదు, బెదిరించలేదు. పెద్దమ్మ ఎదుటికి వచ్చి చాలా మెల్లగా అడిగాడు.

"ఏడున్నడమ్మా?"

పెద్దమ్మ జీపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆమె చేయి లేచింది.

ఎన్నో మధ్యాహ్నాలు థూ అని అరిచి అలవాటైన పిల్లలం అందరం అక్కడే ఉన్నాం. ఒక్కరి నోటి నుంచి చప్పుడు రాలేదు.

బావ తనంతట తానే గోనెలు తొలగించుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. పెద్దమ్మ ముందు ఆగి, "జర నీళ్లియ్యి పెద్దత్తా" అన్నాడు. ఆమె కదల్లేదు, ఎత్తిన చేయి దించినట్టు కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. మా అవ్వ చెంబుతో తెచ్చి ఇస్తే తాగాడు. తాగేదాకా వాళ్లు ఆగారు. అన్నను దించి, బావను ఎక్కించుకుని పోయారు.

కొన్నాళ్లకు పేపర్లో చిన్న వార్త వచ్చింది, ఆదిలాబాద్ అడవిలో ఎదురుకాల్పుల్లో బావ పోయాడని. చెంబు ఎత్తి పట్టుకోలేక రెండు చేతులా పట్టుకున్న మనిషి అడవిలో తుపాకీ పేల్చాడట.

ఆ తర్వాత వాడలో ఎవరూ పెద్దమ్మతో మాట్లాడలేదు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు జరిపేవారు. ఎవరి కోసం చేయెత్తిందో ఆ అన్న కూడా ఆమె చేతి అన్నం ముట్టలేదు. నిలబడి సాంచెలు నడపడం ఇక అతని వల్ల కాలేదు. కూర్చుని కండెలు చుట్టే పని దొరుకుతుందని ఎవరో చెబితే బొంబాయి దగ్గరి భివండీకి పోయాడు. పోయేటప్పుడు తల్లికి చెప్పలేదు, మా అవ్వకు చెప్పి పోయాడు.

వానలు పడి ఆగిన తర్వాత ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ చాట పట్టుకుని అరుగు చివరకు వచ్చి కూర్చుంది. అందరికీ దూరంగా, మెట్టు మీద. మేనత్త ఎప్పటిలాగే అవ్వ పక్కన ఉంది. ఆడవాళ్ల కత్తెరల చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆ బిగువు భరించలేక కాబోలు, లేక ఏమీ తెలియని చిన్నపిల్లలు గోల పెట్టినందుకో, అవ్వ కథ మొదలుపెట్టింది. తీరా మొదలుపెట్టాక గానీ తాను ఏ కథ ఎత్తుకుందో ఆమెకు తట్టలేదనుకుంటాను. రాజు కొడుకు గుమ్మిలో దాక్కున్నాడు, రాక్షసుడు వచ్చాడు, ముసలమ్మను అడిగాడు. అక్కడ అవ్వ గొంతు ఆగిపోయింది. చిన్నపిల్లలు ఉమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

అప్పుడు మేనత్త, చేతిలోని ఆకు మీద నుంచి కండ్లెత్తకుండా అడిగింది.

"గా ముసల్దానికి పిల్లలు లేకుండెనా వదినె?"

అవ్వ ఆమె మొహం చూసింది. "ఉండె," అన్నది కాసేపటికి. "ఒక్కడే కొడుకు."

"ఏడుండె?"

"రాక్షసుని పిడికిట్ల ఉండె."

మాలో ఒక పిల్లకు కోపం వచ్చింది. ఇన్నేండ్ల సంది గీ ముచ్చట ఎందుకు చెప్పలేదని నిలదీసింది. "ఎవలూ అడగలే బిడ్డా," అన్నది అవ్వ.

మేనత్త ఆకు కోస్తూనే ఉంది. పెద్దమ్మ లేచి, చాటలో ఆకు సగం కింద పోతున్నా చూసుకోకుండా తన అర్రలోకి పోయి తలుపు పెట్టుకుంది. కథ మాత్రం నడిచింది. రాజు కొడుకు తప్పించుకున్నాడు, రాక్షసుడు చచ్చాడు, కోటకు నిప్పు పెట్టే చోటికి వచ్చేసరికి పిల్లలు మళ్లీ అడిగారు, ముసల్దాన్ని ఏం జేసిండ్రని. అవ్వ, నాకు ఎర్క లేదు అన్నది. ఆ కథ ఆమె మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

ఇదంతా చూసి మేనత్త మనసు కరిగిందని, పెద్దమ్మను క్షమించిందని మీరనుకుంటే అది చెప్పడంలో నా చేతగానితనం. ఆమె పెద్దమ్మ మొహం చూడలేదు, ఎదురుపడితే తల తిప్పుకునే పోయేది. అయితే కొన్నాళ్లకు ఇంకొకటి జరిగింది. పట్టపగలు, చీరల బేరానికి వచ్చినట్టు ఇద్దరు కొత్తవాళ్లు మేనత్త అర్రకు వచ్చారు. నేను అప్పుడు ఆమె దగ్గర కూర్చుని ఆకు కోస్తున్నాను. వాళ్లు ఆమె కాళ్లు మొక్కి, అడవిలో తమతో ఉన్న బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, అసలు సంగతికి వచ్చారు.

"ఎవలు చూపిచ్చిండ్రో చెప్పవ్వా. మేం చూస్కుంటం."

తలుపు తెరిచే ఉంది. ఎదురుగా వాకిట్లో పెద్దమ్మ వంగి కట్టెలు ఏరుకుంటోంది. ఆ రోజుల్లో అలా అడిగి పోయినవాళ్లు మళ్లీ వస్తే ఏమవుతుందో నా అంత పిల్లకు కూడా తెలుసు. మేనత్త వాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. తాగాక చెంబు తీసుకుంది.

"ఎవలని జెప్పాలె బిడ్డా. నేను ఇంట్ల లేకుంటి. వాళ్లే వచ్చిండ్రు, వాళ్లే తీస్కపోయిండ్రు."

వాళ్లు మరోసారి అడిగారు. ఆమె అదే మాట చెప్పింది. వాళ్లు పోయాక తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుని, నేను కోసిన ఆకు వంకర పోయిందని నన్ను తిట్టింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నన్ను చెప్పొద్దని కూడా అనలేదు. పెద్దమ్మకు చివరిదాకా తెలియదు.

పెద్దమ్మ మరికొన్నేండ్లు ఒంటరిగా బీడీలు చుట్టుకుంటూ బతికి, ఒక ముసురులో పోయింది. భివండీకి కబురు చేస్తే అన్న రాలేదు. మా బాపే తలకొరివి పెట్టాడు. మేనత్త వచ్చి గడప బయట, చూరు నీళ్లు మీద పడుతున్నా జరగకుండా కూర్చుంది. లోపలికి రాలేదు, ఏడవలేదు. శవం లేచేదాకా అక్కడి నుంచి లేవలేదు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఊరు మంచిగానే ఉంది. జీపు చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడరు, కొడుకు ఇంటికి రావడం ఆలస్యమైతే తల్లులు గోదావరి అవతలికి చూడరు, అందుకు సంతోషమే. అరుగులు పోయి షట్టర్లు వచ్చాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, ఎవరింట్లో వాళ్లు టీవీ ముందు కూర్చుని చుడుతున్నారు. మొన్నామధ్య పెళ్లికని పోయి, చుట్టాలింట్లో నేనూ కాసేపు అలా కూర్చున్నాను. సీరియల్లో ఎవరో ఒక ఆడమనిషి ఏదో రహస్యం చెప్పేసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులు ఆపకుండానే దాన్ని తిట్టారు. దానికి పిల్లలున్నారా అని నాకు అడగబుద్ధి అయింది. కానీ ఎవరిని అడగను? అడిగినా ఒక ఘడియ ఆగి, మన మొహం చూసి, జవాబు చెప్పే కథ కాదది.