విప్పని సద్దిమూట

రెండు వారాల కిందట గురువారం పొద్దున నేను బియ్యం కడుగుతుండగా పూతలపట్టు నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి టీచరమ్మ నిద్రలోనే పోయారని ఆవిడ చెల్లెలు చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఏం చేస్తున్నానో తెలియకుండానే బియ్యం కడిగిన నీళ్ళు చెంబులోకి వంచుకుని మిద్దె ఎక్కాను. అక్కడ నీడలో, లోపల కనిపించే ప్లాస్టిక్ మూత పెట్టిన స్వీటు డబ్బాలో, ఆవిడ నాకు అప్పగించిన గింజల మొలకలు ఉన్నాయి. మూత మీద చెయ్యి వేసి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే ఆవిడ సంగతి చెప్పాలి.

టీచరమ్మ పలమనేరులో చాలా ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక తిరుపతిలో మా పక్కింట్లో చేరారు. ఇంటి సామాను ఒక ఆటోలో పట్టింది. మొక్కలకు మాత్రం వ్యాను కావలసి వచ్చింది. నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, మూత లేని కుక్కరు, అన్నింటిలోనూ ముళ్ళ జెముళ్ళే. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో మిద్దె ఎక్కి వాటికి హాజరు పిలిచేవారు.

"పొడుగోడా!"

పిట్టగోడ ఇవతల బట్టలారేస్తున్న నేను "ప్రెజెంట్, టీచర్" అనాలి. తర్వాత గుండోడు, నత్తోడు, చివర ముసిలమ్మ. ఏ రోజైనా పరధ్యానంగా పలక్కపోతే, "ఏం మే, మా పిల్లోల్లకి ఆబ్సెంట్ ఏపిస్తావా?" అని కసిరేవారు.

ముసిలమ్మ అంటే తలకాయంత గుండ్రటి జెముడు. ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడు తెచ్చుకున్నది. పోయిన వానల్లో అడుగు నుంచి కుళ్ళి, వారంలో కూలిపోయింది. ఎండిన కాయ ఒక్కటే మిగిలింది. దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

"నాకు సూపు ఆనదు, చేతులు వణకతాయి. నువ్వు పప్పులో రాయి వదలని దానివి. దాని వంశమంతా ఈ కాయలోనే ఉండాది. నువ్వే మొలిపించల్ల."

మర్నాడు కూడా హాజరులో ముసిలమ్మ పేరు పిలిచారు. నేను ప్రెజెంట్ అనలేక, పిండిన బట్టనే మళ్ళీ పిండాను. ఆ తర్వాత రోజూ ఆ పేరు పిలిచి, నా వైపు చూడకుండా మెట్లు దిగేవారు.

కాయలో గసగసాల్లాంటి నల్ల గింజలు యాభై ఒకటి ఉన్నాయి. నోటుబుక్కులో తేదీ వేసి, ఇరవై అయిదు నాటాను. ఆరో రోజుకు ఆవగింజంత పచ్చపూసలు లేచాయి. ఆకు లేదు, ముల్లు లేదు. వాటిని చూస్తే పాలు తాగని పసిబిడ్డలను చూసినట్టు అనిపించింది. కరివేపాకు చెట్టుకు పోసినట్టే రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. నాలుగు రోజులకు తెల్లటి బూజు పట్టింది. వారానికి ఒక్కటీ మిగల్లేదు.

తల వంచుకుని డబ్బా చూపించాను. ఆవిడ వాసన చూశారు.

"ఏం పోస్తివి?"

"బియ్యం కడిగిన నీళ్ళు, టీచరమ్మా. బలమని..."

"నయం, రసం పొయ్యలే!" అని పకపకా నవ్వారు. తర్వాత మిగిలిన గింజల్లో ఒకదాన్ని పాత పేపరు మీద పెట్టి చెంచాతో నలిపారు.

"అయ్యో, ఇంకొకటి పాయె!" అన్నాను.

"పోనీలే, నీకు నమ్మకం కుదరల్ల గదా. ఎండకి పట్టి సూడు."

కాగితం మీద సూదిమొనంత జిడ్డు మరక. అందులోంచి వెలుతురు కనిపిస్తోంది.

"అది నూనె మే. మాంసకృత్తులు కూడా ఉండాయి, మన కంటికి ఆనవు. తల్లి కట్టించిన సద్ది ఇది. తడి తగల్తానే ఆ సద్ది లోపల్లోపలే కరిగి, వేరుకింత, ఒంటికింత పోతాది. ఒళ్ళు పచ్చబడి ఎండలో సొంతంగా వండుకునేదాకా దానికి అదే కూడు. అది మూట విప్పేలోపలే నువ్వు ఇస్తరేసి వడ్డిస్తివి. బూజు వచ్చి కూచొని తినె."

"మరి నేనేం చెయ్యల్ల?"

"తడి ఆరకుండా మూత పెట్టు. రవ్వంత వెలుతురు సూపించు. ఆపైన చేతులు కట్టుకొని కూచో. అదే కష్టం."

నిజంగా అదే కష్టం. గడప తొక్కిన ప్రతివాళ్ళనూ ముందు తిన్నావా అని అడిగే ఇల్లు మాది. రెండోసారి నాటినవాటిలో పద్దెనిమిది మొలిచాయి. అప్పటికే ఒంట్లో బాగాలేక టీచరమ్మ పూతలపట్టులో చెల్లెలింటికి వెళ్ళిపోయారు. రోజూ సాయంత్రం ఫోన్.

"అందరూ హాజరా?"

"పద్దెనిమిదీ ప్రెజెంట్."

"ఏమన్నా తినిపిస్తివా?"

"మీ ముళ్ళ మీద ఒట్టు, లేదు."

దగ్గు మధ్యలో కూడా ఆ నవ్వు వినిపించేది. "ముల్లు కనపడినాక చెప్పు. ముల్లొచ్చిందంటే సద్ది అయిపోయి సొంత సంసారం పెట్టినట్టు. అప్పుడు ముసిలమ్మకి హాజరేస్తాం" అనేవారు. ఆవిడ ఎదురుచూసింది దానికే. అది చెప్పేలోపలే వెళ్ళిపోయారు.

అందుకే ఆ గురువారం మూత తీయలేదు. చెంబులో నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసి, పూతలపట్టు బస్సెక్కాను.

అక్కడ ఇల్లంతా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. జుట్టు నెరిసిన ఒక బస్సు డ్రైవరు, దూలానికి తల తగలకుండా వంగి నిలబడి, "టీచరు నన్ను పేరుతో ఎప్పుడు పిలిచింది? పొడుగోడా అనే గదా" అన్నాడు. పక్కన బొజ్జాయన కళ్ళు తుడుచుకుంటూనే, "గుండోడిని నేనేబ్బా" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు. మిద్దె మీద నేను రోజూ హాజరు పలికిన పేర్లన్నీ అక్కడ బట్టతలలతో, కళ్ళద్దాలతో నిలబడి ఉన్నాయి.

నిన్న పొద్దున మిద్దె ఎక్కి మూత తీశాను. పద్దెనిమిదీ ఉన్నాయి. చివరి వరుసలో ఒకదాని నెత్తిన ఏదో తళుక్కుమంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. చెయ్యి ఫోన్ మీదికి పోయింది. కాసేపటికి ఫోన్ పక్కన పెట్టి, పిట్టగోడ అవతలి కుండీల వైపు తిరిగి మొదటి నుంచీ హాజరు పిలిచాను. పొడుగోడు, గుండోడు, నత్తోడు.

"ముసిలమ్మా!"

ఈసారి నేను పలికాను. "ప్రెజెంట్, టీచర్."

డబ్బాలో, కందిగింజంత ఆ పచ్చపూస నాలుగు తెల్ల ముళ్ళు నిక్కబొడుచుకుని ఎండలో నిలబడి ఉంది.