అనంతగిరి ఘాటులో రెండు మెత్తని దెబ్బలు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. డిగ్రీలో సైన్సు చదివాను. అమ్మ దిష్టి తీస్తానంటే ఆమె తృప్తి కోసం కూర్చునేదాన్ని, అంతే. ఇప్పుడైనా దేన్నో నమ్మానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలనిపించింది. పాప పక్కనే నిద్రపోతోంది. మధ్యమధ్యలో కలం ఆపి దాని ముక్కు కింద వేలు పెట్టి చూస్తున్నాను. ఆ అలవాటు కూడా ఆ రోజు నుంచి వచ్చిందే.

నన్ను మేనమామ కొడుక్కే ఇచ్చారు. పుట్టిల్లు వికారాబాద్, అత్తిల్లు తాండూరు. మా ఆయన యాదగిరికి సొంత లారీ ఉంది, ముందుకు మూతి పొడుచుకొచ్చిన పాత బండి. తాండూరు గనుల నుంచి నాపబండలు వికారాబాద్‌కు తోలుతాడు. వచ్చేటప్పుడు ఏ సరుకు దొరికితే అది వేసుకొస్తాడు.

అంతకుముందు ఆ లారీని మా మామ మల్లయ్య నడిపేవాడు. వాళ్లది గొర్రెల కాపరుల ఇల్లు. మామ ఒక్కడే మందను వదిలి స్టీరింగ్ పట్టాడు. చూపు మందగించాక స్టీరింగ్ కొడుక్కిచ్చి, కొడుకు దగ్గరే క్లీనరుగా చేరాడు.

గని దగ్గర హమాలీలు ఊరుకుంటారా! "ఏం యాదగిరీ, నాయినను క్లీనర్ జేసినవ్, రేపు అమ్మను హమాలీ జేస్తవా?" అని ఆటపట్టించేవాళ్లు. "జీతం ఇస్తలేడు గని బువ్వయితే పెడుతుండు" అనేవాడు మామ, గొంగడి భుజాన సర్దుకుంటూ.

ధారూరు దాటి వికారాబాద్ వైపు వస్తే అనంతగిరి ఘాటు ఎక్కాలి. బండల లోడుతో ఎక్కడం ఎలాగో లారీవాళ్లకే తెలుసు. మధ్యలో ఇంజను ఆగిపోతే హ్యాండ్ బ్రేకు అంత బరువును నిలపదు. డ్రైవరు బ్రేకు మీద నుంచి కాలు తీస్తేగానీ బండిని మళ్లీ కదిలించలేడు. కాలు తీస్తే బండి వెనక్కి జారుతుంది. అందుకని ఘాటు కింద క్లీనరు దిగి, తుమ్మ చెక్క దిమ్మ చేత పట్టుకుని బండి వెనకాలే నడుస్తాడు. ఆగితే వెనక టైరుకు దిమ్మ అడ్డం పెట్టి, బాడీ మీద రెండు దెబ్బలు కొడతాడు. ఇక పోనీయమని దానర్థం. పైన బండి ఆపితే మళ్లీ ఎక్కుతాడు.

మామ నడిచేది అలాగే, మంద వెనక నడిచినట్టు నింపాదిగా. దారిలో ఇంకెవరో టైరుకు పెట్టి వదిలేసిన రాళ్లు కనిపిస్తే, వాటిని కూడా ఎత్తి చెట్ల పక్కన పెట్టేవాడు. వెనక వచ్చేవాళ్లు చీకట్లో చూసుకోరని.

మామ వేలికి వెండి ఉంగరం ఉండేది. ఆయన బాడీ మీద కొడితే ఖంగుమని మోగేది. కానీ నేను కడుపుతో ఉండి, చూపించుకోవడానికి వికారాబాద్ వెళ్లే రోజుల్లో మాత్రం అరచేత్తో కొట్టేవాడు. పిండి ముద్ద మీద తట్టినట్టు, మెత్తగా. ఎందుకు మామా అని ఒకసారి అడిగాను.

"లోపలున్నది ఉలికి పడ్తది బిడ్డా" అన్నాడు.

ఆ లోపలున్నదాన్ని ఆయన చూడలేదు. అది పుట్టకముందే, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, మళ్లీ లేవలేదు.

తర్వాత ఖాసిం అనే అతన్ని క్లీనరుగా పెట్టుకున్నాం. దిమ్మ మామదే. మా ఆయనకు మాత్రం ఒక పొరపాటు అలవాటైపోయింది. ఘాటు కింద, ఖాసిం దిగి వెనక్కి వెళ్లిపోయాక కూడా, బండి కదపకుండా కాసేపు కూర్చుంటాడట. ఈ సంగతి ఖాసిం చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ వయసులో మామ దిగడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగుతున్నాడని నాకు అర్థమైంది.

ఆ వానాకాలం పాపకు ఇంకా ఏడాది నిండలేదు. జ్వరం, దగ్గు. తెల్లవారేసరికి డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. తాండూరులో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, ఆలస్యం చేయకుండా వికారాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ ఆక్సిజన్ ఉంటుంది అన్నాడు. రైలు అప్పుడే వెళ్లిపోయింది. వానకు బస్సు రాలేదు. మా లారీ లోడుతో నిలబడి ఉంది. బండలు దించాలంటే పూట పడుతుంది. ఖాసిం అక్క పెళ్లికని బషీరాబాద్ వెళ్లాడు. క్లీనరు లేకుండానే బయల్దేరాం.

దిమ్మ క్యాబిన్‌లో నా కాళ్ల దగ్గర ఉంది. దాని మీదే పాదాలు ఆనించి, పాపను గుండెకు ఆనించుకుని కూర్చున్నాను. ధారూరు దాటేసరికి అది ఏడవడం మానేసింది. ఏడ్చినంతసేపూ ఏడుస్తోందని భయం. మానేశాక ఇంకా భయం.

ఘాటు కింద మా ఆయన బండి ఆపాడు.

ఎవరూ దిగేది లేదు. వాన. వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఎందుకు ఆపావు బావా, పిల్ల ఊపిరి చూడు అని గట్టిగానే అన్నాను. అతను ఏదో తప్పు చేసినట్టు ఒకసారి నా వైపు చూసి గేరు వేశాడు.

సగం ఎక్కాక, మలుపులో ఇంజను ఆగిపోయింది.

బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టి తొక్కాడు. అయినా బండి అంగుళం అంగుళం జారుతున్నట్టు నాకు తెలుస్తోంది. వెనక బండలు ఒకదానికొకటి ఒరుసుకుని మూలిగాయి. పక్కన లోయ.

"సుజాతా, బిడ్డను సీటు మీద పండవెట్టు. దిమ్మ తీస్కొని దిగు. ఎనుక టైరుకు పెట్టు."

గొంతు మామూలుగానే ఉంది. పాపను సీటు మీద పెట్టడానికి చేతులు రాలేదు. పెట్టి దిగితే బండి దాన్ని తీసుకుని జారిపోతే? దిగకపోతే? ఒక చేత్తో దిమ్మ కోసం వంగాను.

అప్పుడు వెనక దబ్బుమని చప్పుడైంది. బండి నిలబడిపోయింది.

తర్వాత బాడీ మీద రెండు దెబ్బలు.

మా ఆయన ఆలోచించలేదు. ఇన్నేళ్ల అలవాటు, ఆ దెబ్బలు వినగానే అతని కాళ్లూ చేతులూ వాటంతట అవే కదిలాయి. ఇంజను అందుకుంది, బండి ముందుకు దూకింది. ఇక పై దాకా ఆగలేదు.

పైకి వచ్చాక బండి ఆపి దిగి, వానలో బండి వెనక్కి పరుగెత్తి, కిందికి దారి చూసి వచ్చాడు. ఎవరూ లేరన్నాడు. అడవిలో కట్టెలకొచ్చిన వాళ్లెవరైనా సాయం చేశారేమో అన్నాను. కావచ్చు అన్నాడు. కానీ సీట్లో కూర్చున్నాక బండి కదపలేదు. నా వైపు తలుపు దగ్గరికి చూస్తూ, చాలా నెమ్మదిగా అన్నాడు.

"జర జరుగు సుజాతా. నాయినను ఎక్కనియ్."

కింద ఆపినందుకు కోప్పడిన దాన్నే, ఇప్పుడు పాపను ఎత్తుకుని గేరు రాడ్డు వైపు జరిగాను. తలుపు పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాను. తడిసిన గొంగడి వాసన వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. డీజిల్ వాసనే. అప్పుడు చూశాను, దిమ్మ ఎక్కడిదక్కడే ఉంది, పొడిగా.

ఆసుపత్రిలో పాపను వెంటనే తీసుకున్నారు. కొద్దిరోజులు అక్కడే ఉన్నాం. మొదటిసారి అది మళ్లీ గట్టిగా ఏడ్చిన రోజు, నేనూ దానితో పాటు ఏడ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ కాసింది. ఆ మలుపులో బండి ఆపమన్నాను. రోడ్డు మీద ఏమీ లేదు. పక్కన సీతాఫలం పొదల కింద, ఎవరో ఎత్తి పెట్టినట్టు ఒక రాయి ఉంది. దాని మీద టైరు నల్ల మరక. ఆ దారిలో రోజూ లారీలు తిరుగుతాయి. ఆ రాయి ఎవరిదైనా కావచ్చు. నేను అదే అన్నాను. మా ఆయన తలూపాడు.

కట్టెలవాళ్లు అయ్యుండొచ్చు. రాయి రోడ్డు మీద ముందే ఉండి టైరుకు తగిలి ఉండొచ్చు. బండలు కదిలి చప్పుడై ఉండొచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కో కారణం దొరుకుతుంది. నాకు కారణం దొరకనిది ఒక్కటే. ఆ రెండు దెబ్బలు ఉంగరంతో కొట్టినవి కావు. అరచేత్తో కొట్టినవి. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఇద్దరమూ స్పష్టంగా విన్నాం. నా ఒళ్లో పాప ఉలిక్కిపడలేదు.

దానికిప్పుడు నాలుగేళ్లు. సెలవుల్లో వికారాబాద్ వెళ్లేటప్పుడు మధ్యలో కూర్చుని హారన్ కొడతానని గొడవ చేస్తుంది. ఖాసిం వెనక నడుస్తాడు. ఘాటు పైన బండి ఆగి ఖాసిం ఎక్కాక కూడా, ఎందుకో ఎవరూ దానికి చెప్పలేదు గానీ, నేను ఇంకొంచెం జరగడం చూసి అది కూడా జరుగుతుంది.